‘మీ భాష’ అన్నచోట ‘మాతృభాష’ అని రాయవచ్చా?

సామర్లకోట నుంచి కాకినాడ మీదుగా యానాం వెళ్ళాలంటే యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. అక్కడి తెలుగు పిల్లలు బడిలో ఫ్రెంచి చదివారు, కచేరీ కాగితాలు ఫ్రెంచిలో నడిచాయి. ఆ భాష ఇంత దగ్గర్లో, అన్ని తరాలు ఉన్నా, ఫ్రెంచి కథలూ నవలలూ తెలుగులోకి చాలావరకు ఆ దారిన రాలేదు. పారిస్ నుంచి లండన్ వెళ్ళి, అక్కడ ఇంగ్లీషులోకి మారి, ఓడెక్కి మన దగ్గరికి వచ్చాయి. విక్టర్ హ్యూగో, మొపాసా, జోలా, దోదే, వీళ్ళలో ఎవరిని చదివినా మనలో ఎక్కువమంది ఇంగ్లీషు మీదుగా దిగిన మాటనే చదివాం.

అలా రావడం తప్పని మేము అనడం లేదు. మైసూరు వైపు ఉండిన దుబ్వా అనే ఫ్రెంచి మతగురువు ఈ దేశపు ఆచారాల మీద ఫ్రెంచిలో ఒక పుస్తకం రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1816లో అచ్చయింది. అందులో వేమన ప్రస్తావన చూసే బ్రౌను దొర 1824లో వేమన పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. 1829లో కొన్ని పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో కలిపి అచ్చువేశాడు. అంటే మన వేమన అచ్చులోకి రావడానికి కూడా ఒక ఫ్రెంచి పుస్తకం, దానికి ఒక ఇంగ్లీషు అనువాదం సాయం చేశాయి. చేతులు మారిన సరుకంతా చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. కాకపోతే చేతులు మారిన ప్రతిచోటా ఏం జారిపోయిందో చూసుకోవాలి.

ఈ గొడవ ఆదివాసీ బడిపంతుళ్ళకు ఎందుకని మీరు అడగవచ్చు. ఏజెన్సీలో పనిచేసే మేము కొందరం శిక్షణ తరగతులకు సామర్లకోట దిగినప్పుడల్లా సాయంత్రాలు ఒకచోట కూర్చుని, బడి అల్మరాలో పెట్టడానికి కొన్ని కథలు కోయలోకి తెస్తున్నాం. మా గూడేల కథలు ముందు రాసుకున్నాం. తర్వాత బయటి దేశాల కథలు కూడా ఉండాలని, పిల్లలు ఏడు కొండల అవతల ఏముందో చూడాలని అనుకున్నాం. అలా హ్యూగో నవలలో ఒక ఘట్టం, దోదే రాసిన ఒక చిన్న కథ మా చేతికి వచ్చాయి. ఇద్దరూ పోయి వందేళ్ళు దాటింది కాబట్టి హక్కుల ఇబ్బంది లేదు, ఫ్రెంచి మూలం ఫోనులోనే దొరుకుతుంది. మాలో ఫ్రెంచి వచ్చినవాళ్ళు లేరు. ఇంగ్లీషు పాఠం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని, అనుమానం వచ్చిన మాటను యానాంలో ఫ్రెంచి చదువుకున్న ఒక పెద్దాయనకు ఫోను చేసి అడిగేవాళ్ళం. పని నెమ్మదిగా సాగింది. ఆ నెమ్మదిలోనే ఈ ప్రశ్న పుట్టింది. అనువాదకుడు ఎవరికి జవాబుదారీ? రాసిన రచయితకా, డబ్బిచ్చి అచ్చువేసినవాడికా, చదివే పిల్లకా?

మా ప్రాంతంలో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. చదువు రాని గూడేనికి కాగితం వస్తే ‘చదివి చెప్పే మనిషి’ ఒకడు కావాలి. అతను సంతలో షావుకారు గుమస్తా కావచ్చు, ఫారెస్టు గార్డు కావచ్చు, ఇప్పుడైతే మాలాంటి పంతులు కావచ్చు. కాగితంలో ఏముందో అతను చెప్పిందే మనకు నిజం. సరిచూసుకునే దారి లేదు. 1879లో రంప పితూరీ ఎందుకు లేచిందని తర్వాత విచారించిన అధికారులు కల్లు మీద వేసిన చిగురు పన్నుతోపాటు మరో సంగతి కూడా ఒప్పుకున్నారు. మైదానం షావుకార్లు కొండవాళ్ళ మీద సివిల్ కోర్టుల్లో దావాలు వేసి, ప్రతివాదులు హాజరు కాకుండానే డిక్రీలు తెచ్చుకుని, పశువులనూ పంటనూ పట్టుకుపోయేవారట. ఆ కాగితంలో ఏముందో తెలిసేసరికి ఎద్దులు ఇంటి ముందు లేవు. ఆ పితూరీని అణచడానికి వచ్చిన సిపాయిలను, అప్పటికి ఖాళీగా ఉన్న సామర్లకోట బారకాసుల్లో మళ్ళీ దింపారు. భీమేశ్వరుడి గుడికో, రైలు మారడానికో సామర్లకోట వచ్చేవాళ్ళకు ఈ సంగతి గుర్తుండదు. మాకు గుర్తుండాలి.

కథను అనువదించేవాడు కూడా చదివి చెప్పే మనిషే. డిక్రీ అంత నష్టం కథ చేయదని అంటారేమో. ఎద్దులు పోవు, నిజమే. ఏం పోతుందో రెండు ఉదాహరణలతో చెబుతాం.

మొదటిది హ్యూగో. 1862లో వచ్చిన ఆయన పెద్ద నవల తెలుగువాళ్ళకు ‘బీదలపాట్లు’ అనే పేరుతో తెలుసు. 1950లో నాగయ్య ముఖ్యపాత్రగా అదే పేరుతో సినిమా వచ్చింది. రొట్టె దొంగిలించినందుకు ఐదేళ్ళు, పారిపోబోయినందుకు మరో పద్నాలుగేళ్ళు జైల్లో గడిపిన జాఁ వల్జాఁ బయటికి వస్తాడు. చేతిలో ఖైదీ అని చెప్పే పసుపుపచ్చ కాగితం. పూటకూళ్ళ ఇంట్లో తిండి పెట్టరు, ఆఖరికి కుక్కను కట్టేసిన కొట్టంలో కూడా చోటు దొరకదు. ఒక ముసలి బిషప్ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. అక్కడ అన్నం దొరికింది, దుప్పటి పరిచిన మంచం దొరికింది. కానీ ఆ ఖైదీని కదిలించింది ముందు అవి కాదు, పిలుపు. బిషప్ అతన్ని ‘మెస్యూ’ అంటాడు. అంటే అయ్యా, గారూ అన్నంత మర్యాద. మాట్లాడినంతసేపూ ‘మీరు’ అనే మాట్లాడతాడు.

ఫ్రెంచిలో మనకున్నట్టే ‘నువ్వు’, ‘మీరు’ వేరువేరుగా ఉన్నాయి. ఇంగ్లీషులో రెండూ ఒకటే. ఫ్రెంచి నుంచి నేరుగా వస్తే తెలుగువాడికి ఇది చేతిలో పెట్టినంత సులువు. ఇంగ్లీషు మీదుగా వచ్చినప్పుడు అనువాదకుడు ఊహించుకోవాలి. ఖైదీ కదా, ముసలాయన కదా, ‘నువ్వు’ అనే అని ఉంటాడు అనుకుంటే సహజంగానే ఉంటుంది. చదివేవాడికి అనుమానం కూడా రాదు. కానీ ఘట్టం ప్రాణం పోతుంది. కామూ 1942లో రాసిన నవలలో మొదటి వాక్యంలోనే తల్లిని పిలిచే చనువు మాట ఒకటి ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎలా మార్చాలో తెలియక కొన్ని దశాబ్దాలు తర్జనభర్జన పడ్డారు, చివరికి ఒక అనువాదకుడు ఫ్రెంచి మాటనే ఉంచేశాడు. మనకైతే ‘అమ్మ’ ఉంది, గొడవే లేదు. ఇంగ్లీషు కన్నా మన భాషలు ఫ్రెంచికి దగ్గరగా నిలబడే చోట్లు ఇలా చాలా ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా పోయి వాటిని పోగొట్టుకోవడం ఇంటి ముందున్న ఏరు వదిలేసి అవతలి ఊరి చెరువుకు బిందె పట్టుకుపోవడం లాంటిది.

ఆ ‘మీరు’ మాకు ఎందుకంత ముఖ్యమో మైదానపు పాఠకులకు చెప్పాలి. మన పెద్దవాళ్ళు అరవై ఏళ్ళ వయసులో ఏ ఆఫీసు కిటికీ దగ్గరికైనా వెళ్తే లోపలి కుర్రాడు ‘ఏరా, ఏం కావాలి’ అంటాడు. ఆ కుర్రాడి వెనక పంచె కట్టుకున్న మైదానపు మనిషి నిలబడితే అతను ‘చెప్పండి’ అవుతాడు. మళ్ళీ మన వాళ్ళు గూడెంలోకి వచ్చిన కలెక్టరును కూడా ‘నువ్వు ఎప్పుడొచ్చావు’ అని అడుగుతారు. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు, లేదా కసురుతారు. మర్యాద తెలియని జాతి అని ఒక మాట పడుతుంది. నిజానికి మా మాటల్లో ఈ మెట్లు తక్కువ. మర్యాదను క్రియ చివర తగిలించం, వరస కలిపి పిలవడంలో చూపిస్తాం. తెలియని మనిషి గుమ్మంలోకి వస్తే వయసును బట్టి మామ, అన్న, బావ అవుతాడు. అలా పిలిచాక అతనికి అన్నం పెట్టకుండా ఉండడం కుదరదు.

ఇక్కడే మాలో మాకు వాదన వచ్చింది. కోయలో చెప్పేటప్పుడు బిషప్ ఖైదీని ఎలా పిలవాలి? ‘మామా’ అనిపిద్దాం, పిల్లలకు వెంటనే అర్థమవుతుందని ఒకరు అన్నారు. బాగానే ఉంది కానీ మా పిల్లలకు అది రోజూ వినే మాట, ఎవరైనా ఎవరినైనా అనే మాట. ఖైదీ ఉలిక్కిపడడానికి కారణం కనిపించదు. మరొకరు ‘దొరా’ అన్నారు. ఏజెన్సీలో ఆ మాటకున్న బరువు చాలా పాతది, అది కుదరదని వదిలేశాం. చివరికి తెలుగు ‘అయ్యా’నే కోయ వాక్యం మధ్యలో ఉంచాలని అనుకున్నాం. అది మన వాళ్ళు జీవితమంతా ఆఫీసరును, గార్డును, షావుకారును పిలిచిన పిలుపు. ఎవరూ తిరిగి మనల్ని పిలవని పిలుపు. ఒక పెద్దమనిషి, పైగా గురువు, జైలు నుంచి వచ్చినవాణ్ణి అలా పిలిచాడంటే మా పిల్ల చదవడం ఆపి ఒకసారి తల ఎత్తుతుంది. హ్యూగో కోరుకున్నది అదేనని మా నమ్మకం. తెల్లవారాక, వెండి సామాను వ్యవహారం అయ్యాక, బిషప్ అతన్ని ‘సోదరా’ అంటాడు. అక్కడ మా వరస పిలుపు వాడాం. ముందు మర్యాద, తర్వాత వరస. మూలంలోనూ అదే క్రమం ఉండడం చూసి సంతోషించాం.

రెండో ఉదాహరణ దోదే కథ. దీని దగ్గరే మేము ఎక్కువ రోజులు ఆగిపోయాం.

ఆల్ఫోన్స్ దోదే ‘ఆఖరి పాఠం’ 1873లో ఆయన కథల సంపుటిలో వచ్చింది. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం ‘ఫ్లెమింగో’లో ఇది మొదటి పాఠం కాబట్టి, ఆ సిలబస్ ఉన్న బడుల్లో మన పిల్లలు కూడా దీన్ని చదివి పరీక్ష రాస్తున్నారు. కథ తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెబుతాం. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయి 1871లో ఆల్సాస్ ప్రాంతాన్ని, లొరేన్‌లో కొంత భాగాన్ని జర్మనీకి అప్పగించింది. ఇకమీదట బడుల్లో జర్మనే చెప్పాలని ఉత్తర్వు వస్తుంది. ఫ్రాంజ్ అనే పిల్లాడు బడికి ఆలస్యంగా వెళ్తాడు. హామెల్ మాస్టారు పండగనాటి కోటు వేసుకుని ఉన్నాడు. వెనక బెంచీల మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. ఇదే ఆఖరి ఫ్రెంచి పాఠం. పిల్లాడికి వ్యాకరణం అప్పజెప్పడం రాదు. మాస్టారు తిట్టడు. రేపు నేర్చుకుందాంలే అని వాయిదా వేయడమే ఆల్సాస్‌కు పట్టిన దురదృష్టం అంటాడు. తల్లిదండ్రులు నాలుగు డబ్బుల కోసం పిల్లల్ని పొలానికీ మిల్లుకూ పంపారు, నేను మాత్రం నా తోటకు నీళ్ళు పోయించుకోలేదా, చేపలు పట్టాలనిపించినప్పుడు సెలవు ఇవ్వలేదా అంటాడు. గంట కొడుతుంది. గొంతు పెగలక, నల్లబల్ల మీద దేశానికి జేజేలు రాసి, గోడకు తల ఆనిస్తాడు.

ఈ కథ చదివి కళ్ళు చెమర్చని టీచరు ఉండడు. మిరపకోతలకు పోయే పిల్లలు, జీడిగింజల కాలంలో ఖాళీ అయ్యే తరగతి, వారానికి రెండు రోజులు వచ్చే పంతులు, అన్నీ మాకు తెలిసినవే. చేపలకు వెళ్ళే పంతులు కూడా తెలిసినవాడే, ఆ సంగతి అలా ఉంచుదాం.

చిక్కు ఒక్క మాట దగ్గర వచ్చింది. ఫ్రెంచివాళ్ళమని చెప్పుకుంటారు, మీ భాష మాట్లాడడమూ రాదు, రాయడమూ రాదు అని జర్మన్లు ఎగతాళి చేస్తే ఏం జవాబు చెబుతాం అని హామెల్ అడుగుతాడు. అక్కడ ఫ్రెంచిలో ఉన్నది ‘మీ భాష’ అనే. యానాం పెద్దాయన కథంతా చదివి, ఇందులో భాషను తల్లితో కలిపిన మాట ఎక్కడా లేదని చెప్పారు. కానీ తెలుగులో ఈ కథ చెప్పేవాళ్ళ నోటికి, గైడ్లు రాసేవాళ్ళ కలానికి ‘మాతృభాష’ అనే మాట దానంతట అదే వస్తుంది. మా మొదటి ప్రతిలో కూడా ఒక మిత్రుడు అలాగే రాశాడు. చదవడానికి బాగుంది కూడా. మాతృభాషను బడి నుంచి వెళ్ళగొట్టిన కథ అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు.

అది నిజం కాదు. ఆల్సాస్ పల్లెల్లో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడింది ఫ్రెంచి కాదు. ఆల్సేషియన్ అనే మాట, జర్మన్ కుటుంబానికి చెందినది. ఫ్రాంజ్ లాంటి పల్లెటూరి పిల్లాడికి ఫ్రెంచి బడి భాష. కథలో జర్మన్ల ఎగతాళిని మళ్ళీ ఒకసారి చూడండి. మాట్లాడడం కూడా రాదు అంటున్నాడు హామెల్. తల్లి దగ్గర నేర్చిన భాష అయితే రాయడం రాకపోవచ్చు, మాట్లాడడం రాకుండా ఎలా ఉంటుంది? దోదే దాచాలనుకున్నాడో లేదో గాని, నిజం ఆ వాక్యంలోంచి కారిపోతోంది. ‘మాతృభాష’ అని రాస్తే ఆ చిల్లును మనం మన చేతులతో పూడ్చేసినట్టు.

ఇంకో సంగతి. బానిసత్వంలో పడినా భాషను వదలకపోతే జైలు తాళంచెవి మన దగ్గర ఉన్నట్టే అని హామెల్ చెప్పే ప్రసిద్ధమైన మాట ఉంది కదా, ఆ పోలిక మిస్త్రాల్ అనే కవిది. మిస్త్రాల్ ఫ్రెంచి కవి కాదు, ఫ్రాన్సు దక్షిణాన ప్రొవాన్సాల్ భాషలో రాసినవాడు. 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన తన భాష గురించి చెప్పిన మాట అది. ఆ భాషను బడిలో నోరెత్తనివ్వనిది ఫ్రెంచే. ఫ్రాన్సులో చాలాచోట్ల బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్కముక్కో పాత చెప్పో తగిలించేవారు. వాడు మరో పిల్లాణ్ణి అదే తప్పులో పట్టిస్తేనే అది మెడ మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. దోదే కూడా దక్షిణాది మనిషే, మిస్త్రాల్‌కు స్నేహితుడు, ఇదంతా ఎరగనివాడు కాదు. ఓడిపోయిన దేశం బాధలో కథ రాశాడు. ఆ బాధ నిజమైనదే. 1918లో ఆల్సాస్ మళ్ళీ ఫ్రాన్సులో కలిసినప్పుడు బడిలో ఫ్రెంచి వచ్చింది, 1940లో జర్మన్లు వచ్చి ఫ్రెంచిని తీసేశారు, 1945 తర్వాత మళ్ళీ ఫ్రెంచి. ప్రతిసారీ ఒక ఆఖరి పాఠం జరిగింది. ఇంట్లో మాట మాత్రం ఎప్పుడూ బల్ల మీదికి ఎక్కలేదు.

ఇప్పుడు మా స్థితి చూడండి. మా తరగతి గదిలో మేము ఎవరం? ఈ కథ చదివేటప్పుడు ప్రతి ఆదివాసీ టీచరూ తనను హామెల్‌గానే ఊహించుకుంటాడు. భాషను కాపాడే మాస్టారుగా. కానీ కోయ మాట్లాడే ఆరేళ్ళ పిల్ల ముందు తెలుగు వాచకం పట్టుకుని నిలబడ్డప్పుడు మేము హామెలే కాదు, ఉత్తర్వు తెచ్చిన పక్షం కూడా. తెలుగు మన మాతృభాష అని పిల్లల చేత చెప్పించిన నోళ్ళు మావి. తెలుగు మీద మాకు కోపం లేదు. ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాం, మా ఉద్యోగాలూ ఆలోచనలూ చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. కొండరెడ్డి మిత్రులకైతే ఇంటి మాట తెలుగే. కానీ కోయ పిల్లకు, కువి పిల్లకు, సవర పిల్లకు అది రెండో భాష. రెండోదని చెబితే బాగా నేర్పవచ్చు. తల్లిదని చెబితే, రానందుకు ఆ పిల్ల సిగ్గుపడుతుంది. తన తల్లి మాట తనకే రాదేమో అనుకుంటుంది. ‘మాతృభాష’ అనే ఒక్క మాట తప్పు చోట పడితే పోయేది ఇదీ.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలోనే రాశారు. ఆ పనిలో గూడెం పెద్దల పాటలు, కథలు సేకరించి వేసిన పేజీలు ఇప్పటికీ పిల్లల నోట నిలిచాయి. తెలుగు పాఠాన్ని వాక్యం వాక్యం మార్చిన పేజీలు నిలవలేదు. క్రియ కోయది, నడక తెలుగుది. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేసినప్పుడు సవరల నోటి మాట విని, రాసుకుని, మళ్ళీ వాళ్ళకే వినిపించుకుని పనిచేశాడు. ఆయన తెలుగులో వాడుక భాష కోసం పోరాడడానికి ఆ అలవాటు కొంత కారణమని మాకనిపిస్తుంది. వినేవాడికి చదివి వినిపించడం అనువాదకుడికి దొరికే ఒకే ఒక పరీక్ష.

మా మిత్రులు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన కూడా తేలిగ్గా కొట్టెయ్యలేం. ఈ కథ మన పక్షానికి పనికొస్తుంది, తల్లిభాషలో చదువు కావాలని అడగడానికి ప్రపంచమంతా తెలిసిన సాక్ష్యం, దాన్ని మనమే ఎందుకు పలచన చేసుకోవాలి అని ఒకరు అన్నారు. ఇది పాలించేవాళ్ళ భాష కోసం ఏడ్చిన కథ అయితే మన అల్మరాలో దీనికి చోటెందుకు, తీసెయ్యండి అని ఒక యువకుడు అన్నాడు. ఇంకొకరు మధ్యే దారి చెప్పారు. ఊరి పేరు మార్చి, మాస్టారి పేరు మార్చి, మారేడుమిల్లి కొండల్లో జరిగినట్టు రాసేద్దాం అన్నారు.

మూడో దారిలో తప్పు లేదు, దాన్ని అనువాదం అనకపోతే. హ్యూగో నవలను కోయంబత్తూరు స్టూడియోలో మన వేషాలతో తీశారు. చూసినవాళ్ళెవరూ ఇది అచ్చంగా హ్యూగో మాటే అనుకుని మోసపోలేదు. అనుసరణ తన పేరు మీద తను నిలబడుతుంది. అనువాదం అలా కాదు. అట్ట మీద దోదే పేరు వేస్తున్నాం. అంటే ఇది ఆయన అన్నదే అని, ఆ భాష రాని పిల్లకు మాట ఇస్తున్నాం. ఆ మాట ఇచ్చాక మన పక్షానికి పనికొస్తుందని ఒక మాట కలిపితే, షావుకారు గుమస్తా కాగితం చదివేటప్పుడు తన పక్షానికి పనికొచ్చే మాట కలపడానికీ దీనికీ తేడా ఏమిటి? మా పక్షం న్యాయమైనదనా? ప్రతి గుమస్తా అలాగే అనుకుని ఉంటాడు.

కథను తీసెయ్యడం కూడా మాకు నచ్చలేదు. హామెల్ బాధ అబద్ధం కాదు. ఒక మనిషి నలభై ఏళ్ళు నేర్పినదాన్ని ఒక ఉత్తర్వుతో ఆపితే కలిగే నొప్పి ఏ భాషకైనా ఒకటే. దాన్ని పిల్లలకు అందనివ్వాలి. ఆ నొప్పి పడుతున్న మనిషే మరో భాషను చూడకుండా ఉండగలడన్నది కూడా అందనివ్వాలి. పెద్దపిల్లలు ఈ రెండూ మోయగలరు, మనం అనుకునేదానికన్నా బాగానే మోస్తారు. కాబట్టి కథలో ‘మీ భాష’ను ‘మీ భాష’గానే ఉంచాం. ఆల్సాస్ ఇళ్ళలో ఏ మాట ఉండేదో కథ అయ్యాక వెనక పేజీలో రాశాం. కథ లోపల వేలు పెట్టలేదు.

ఇది తేలాక తెలుగే మరో ముడి వేసింది. హామెల్ మాటల్లో ‘మేము’, ‘మనం’ అనవలసిన చోట్లు చాలా ఉన్నాయి. ఫ్రెంచిలో రెంటికీ ఒకే మాట, ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. మన ఆదివాసీ భాషల్లో చాలావాటిలోనూ ఈ తేడా ఉంది. ఫ్రెంచి రచయిత ఆ విషయం తేల్చకుండా దాటిపోవచ్చు, మనకు ఆ వీలు లేదు. తప్పు అందరిదీ అని హామెల్ అన్నచోట ‘మనం’ అని రాశాం, అక్కడ అనుమానం లేదు. ఫ్రెంచి భాషను పోనివ్వకుండా మధ్యన ఉంచుకోవాలి అన్నచోట? వెనక బెంచీ మీద పాత వాచకం ఒళ్ళో పెట్టుకుని, పిల్లలతో కలిసి అక్షరాలు కూడబలుక్కుంటున్న ముసలి హౌజర్ ఆ ‘మనం’లో ఉన్నాడా? ఉన్నాడని హామెల్ అనుకుంటున్నాడు. హౌజర్ ఏమనుకుంటున్నాడో దోదే చెప్పలేదు. మాట్లాడేది హామెల్ కాబట్టి ‘మనం’ అనే రాశాం. ఈ వ్యాసంలో మేము ఎక్కడ ‘మేము’ అన్నామో, ఎక్కడ ‘మన’ అన్నామో కూడా వీలుంటే ఒకసారి చూడండి. కొన్నిచోట్ల మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

కోయ ప్రతి ఇంకా అచ్చుకు పోలేదు. చదవడం రాని పెద్దవాళ్ళకు గూడెంలో వినిపిస్తున్నాం, వాళ్ళు తల అడ్డంగా ఊపినచోటల్లా గుర్తు పెట్టుకుంటున్నాం. బిషప్ ఘట్టంలో ‘అయ్యా’ దగ్గర ఒక ముసలాయన మళ్ళీ చదవమన్నాడు, మూడుసార్లు చదివాం. ఆఖరి పాఠం విన్నాక ఒక పెద్దమ్మ అడిగింది, ఆ పిల్లాడు ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో ఏ మాటలో చెప్పాడు ఇదంతా అని. ఫ్రాంజ్ తల్లి ఆ కథలో ఎక్కడా కనిపించదు. వెనక పేజీ తీసి చదివి వినిపించాం.